పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: లెడ్జరు బ్రాంచి దాటిన తరువాత

కంప్యూటర్లు, ఫోన్లు మన కార్యాలయాల పనితీరును ఎలా మార్చాయో అడుగుతూ వచ్చిన ఉత్తరాలలో నాలుగింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒకటిగా కుదించాం.

ప్రశ్న: నేను 1978లో ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో గుమస్తాగా చేరి 2001లో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. కంప్యూటర్లు వస్తే ఉద్యోగాలు పోతాయని ఆ రోజుల్లో మేము ధర్నాలు చేశాం. ఇప్పుడు పింఛను కోసం నేను పనిచేసిన బ్రాంచికే వెళితే అది వేరే సంస్థలా అనిపిస్తోంది. ఉద్యోగాలు నిజంగా పోయాయా? అసలు మారిందేమిటి?
– విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం

సమాధానం: అన్నిటికంటే ముందు మారింది లెడ్జరు ఉండే చోటు. మీరు చేరిన నాటికి ఖాతా అంటే ఒక బ్రాంచిలో, ఒక బరువైన పుస్తకంలో, ఒక పేజీ. కాకినాడ బ్రాంచి ఖాతాదారు విశాఖపట్నం వెళితే అదే బ్యాంకులో ఆయన అపరిచితుడు. అక్కడికి డబ్బు చేరాలంటే డిమాండ్ డ్రాఫ్టో, మెయిల్ ట్రాన్స్‌ఫరో కావాలి. సొంత బ్రాంచిలో మాత్రం లెడ్జరు కీపరుకు ఆయన సంతకమే కాదు, ఆయన వడ్లు ఏ నెలలో అమ్ముకుంటారో కూడా తెలిసి ఉండేది. సాయంత్రం పద్దులు కలవకపోతే తేడాను తొమ్మిదితో భాగించి చూడటం మీకు గుర్తుండే ఉంటుంది. శేషం రాకపోతే ఎవరో 54కు బదులు 45 అని అంకెలు తారుమారు చేసి ఉంటారన్నది ఊహ. ఇటువంటి మెళకువ ఏ మాన్యువల్లోనూ లేకపోయినా బ్యాంకు నడిచేది దాని మీదే.

యంత్రాల మీద బ్యాంకుల సంఘానికీ ఉద్యోగ సంఘాలకూ మధ్య తొలి ఒప్పందం 1983లో కుదిరింది. 1984లో బ్యాంకుల కంప్యూటరీకరణ మీద రంగరాజన్ కమిటీ నివేదిక వచ్చింది, 1987లో మరో ఒప్పందం, 1989లో రెండో రంగరాజన్ కమిటీ నివేదిక. ఆ దశలో బ్రాంచిలకు చేరిన లెడ్జరు పోస్టింగ్ యంత్రాలు గుమాస్తా చేత్తో చేసే పనినే త్వరగా చేశాయి. లెడ్జరు ఆ బ్రాంచిలోనే ఉంది, మేనేజరు అధికారమూ అక్కడే ఉంది. అందుకే, నా అభిప్రాయంలో, ఎనభైలలో మీరు అంత గట్టిగా వ్యతిరేకించిన యంత్రాలు సంస్థను పెద్దగా మార్చలేదు. సంస్థను మార్చినది ఆ తరువాత, అంత గొడవ లేకుండా వచ్చింది.

2001 జనవరి 1 నాటికి ప్రభుత్వరంగ బ్యాంకులు తమ వ్యాపారంలో కనీసం 70 శాతాన్ని కంప్యూటర్ల మీదికి తేవాలని ఆదేశించినది సాంకేతిక నిపుణుల సంఘం కాదు, అవినీతి మీద నిఘా పెట్టే కేంద్ర విజిలెన్స్ కమిషన్. బ్రాంచికీ బ్రాంచికీ మధ్య సరిపోలకుండా ఏళ్ల తరబడి నిలిచిపోయిన పద్దుల చాటున మోసాలు దాగడానికి వీలుండేదని గుర్తు చేసుకుంటే ఇందులో ఆశ్చర్యం లేదు. రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాదులో నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ అనే బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ 1999లో ఇన్ఫినెట్ అనే నెట్‌వర్కును బ్యాంకులకు అందుబాటులోకి తెచ్చింది. బ్యాంకు నుంచి బ్యాంకుకు డబ్బు పంపే పద్ధతులైన ఆర్టీజీఎస్ 2004 మార్చిలో, నెఫ్ట్ 2005 నవంబరులో మొదలయ్యాయి. ఈలోగా అన్ని బ్రాంచిల ఖాతాలనూ ఒకేచోట ఉంచే కోర్ బ్యాంకింగ్ వచ్చి, లెడ్జరు బ్రాంచి నుంచి ఎక్కడో ఉన్న డేటా సెంటరుకు తరలిపోయింది. ఆనాటి నుంచి ఖాతాదారు బ్రాంచికి కాక బ్యాంకుకు ఖాతాదారు అయ్యాడు.

దీని ఫలితం ఎంత లోతుకు వెళ్లిందో చెప్పడానికి పొదుపు ఖాతా వడ్డీని మించిన ఉదాహరణ నాకు తోచదు. 2010 మార్చి వరకు నెలలో పదో తేదీ నుంచి చివరి తేదీ లోపల ఖాతాలో ఉన్న కనిష్ఠ నిల్వ మీదనే వడ్డీ కట్టేవారు. ఇరవై రోజులు లక్ష రూపాయలు ఉంచి, ఇరవై ఎనిమిదో తేదీన ఒక్క రోజు తీసి మళ్లీ కట్టినా ఆ నెల వడ్డీ దాదాపు పోయినట్టే. రోజువారీ నిల్వ మీద లెక్క కట్టడం న్యాయమని అందరికీ తెలుసు. కాని వేలాది ఖాతాలకు, రోజుకొక లెక్క, చేత్తో ఎవరు కట్టగలరు? బ్రాంచిల కంప్యూటరీకరణ సంతృప్తికరంగా ఉందని చెప్పి రిజర్వు బ్యాంకు 2010 ఏప్రిల్ 1 నుంచి రోజువారీ లెక్కను అమలు చేసింది. అంటే అంతవరకు ఖాతాదారు పొందే వడ్డీని నిర్ణయించినవాటిలో గుమాస్తా చేతి వేగం కూడా ఒకటి.

అధికారమూ లెడ్జరు వెంటే వెళ్లింది. చెక్కుకు రెండు వందలు తక్కువైతే మనిషిని చూసి పొట్టి సంతకం పెట్టి చెల్లించిన మేనేజరు స్థానంలో, "సిస్టమ్ ఒప్పుకోవడం లేదండీ" అనే మేనేజరు కూర్చున్నాడు. చాలా బ్యాంకుల్లో రుణ దరఖాస్తుల పరిశీలన కూడా బ్రాంచి వదలి ప్రత్యేక కేంద్రాలకు పోయింది. మీరు వేరే సంస్థలోకి వెళ్లినట్టు అనిపించడం ఇందువల్లే. అయితే ఆ పొట్టి సంతకం అందరికీ దక్కేది కాదన్న సంగతి కూడా మనం ఒప్పుకోవాలి. చొక్కా మాసిన రైతుకు అది దొరకడం అరుదు.

ఇక ఉద్యోగాల లెక్క. మీరు తీసుకున్న 2000–01 నాటి స్వచ్ఛంద విరమణ పథకంలో ప్రభుత్వరంగ బ్యాంకుల నుంచి దాదాపు లక్ష మంది బయటికి వచ్చారు. ఒప్పందాల వల్ల యంత్రం పేరు చెప్పి ఎవరినీ నేరుగా తీసివేయలేదు, కాని లెడ్జరు కీపరనే ఉద్యోగం క్రమంగా కనుమరుగైంది. ఆ పని మాత్రం ఎక్కడికీ పోలేదు. డబ్బు చేరవలసిన బ్రాంచిని సూచించే పదకొండు అక్షరాల ఐఎఫ్ఎస్ కోడు ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంటూ ఈ రోజు మీరు ఫోనులో చేసేది మీ పాత ఉద్యోగంలో ఒక ముక్క, దానికి జీతం లేదు, తప్పు జరిగితే బాధ్యత మీది.

ప్రశ్న: బ్యాంకులో "సర్వరు డౌన్" అంటే ఏమిటి? కరెంటు ఉంటుంది, కంప్యూటర్లు వెలుగుతూ ఉంటాయి, పని మాత్రం జరగదు.
– గృహిణి, ఖమ్మం

సమాధానం: ఆ మాట మూడు వేర్వేరు కష్టాలకు ఉమ్మడి పేరు. బ్రాంచిని డేటా సెంటరుతో కలిపే లైను తెగిపోవచ్చు. లైను బాగానే ఉన్నా కేంద్రంలోని యంత్రం పని చేయకపోవచ్చు. లేదా ఒకేసారి ఎక్కువ మంది పని చేయించుకోవడం వల్ల నెమ్మదించవచ్చు. పక్క ఊరి బ్రాంచికి ఫోను చేస్తే ఏది జరిగిందో తెలుస్తుంది: అక్కడ పని నడుస్తుంటే కష్టం మీ బ్రాంచి లైనులో ఉంది. పూర్వం ఒక బ్రాంచిలో అగ్ని ప్రమాదం జరిగినా మిగిలిన బ్రాంచిలకు అంటేది కాదు. ఇప్పుడు డేటా సెంటరు ఆగితే దేశమంతటా ఆ బ్యాంకు పని ఆగుతుంది కనుక బ్యాంకులు మరో నగరంలో రెండో కేంద్రాన్ని సిద్ధంగా ఉంచుతాయి. కౌంటరులో కూర్చున్న అమ్మాయి మీద కోపం తెచ్చుకుని లాభం లేదు, ఆమె చేతిలో ఉన్నది తెర మాత్రమే.

ప్రశ్న: రిజిస్ట్రేషన్ ఆఫీసులో కంప్యూటర్లు పెట్టినప్పుడు ఇక దస్తావేజు లేఖరులతో పని ఉండదన్నారు. పాతికేళ్లు దాటినా వాళ్లు లేనిదే పని కావడం లేదు. ఎందుకు?
– పాఠకుడు, తెనాలి

సమాధానం: యంత్రాన్ని ఎక్కడ పెట్టారో చూస్తే జవాబు దొరుకుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1998 నవంబరులో రిజిస్ట్రేషన్లను కంప్యూటరీకరించే కార్డ్ పథకాన్ని మొదలుపెట్టినప్పుడు, రాష్ట్రంలోని 387 సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలలో 214 దాని కిందికి వచ్చాయి. అంతకుముందు ప్రతి దస్తావేజునూ గుమాస్తా వాల్యూములోకి అక్షరం పొల్లుపోకుండా చేత్తో ఎత్తి రాసేవాడు. అసలు పత్రం చేతికి రావడానికి రోజులు పట్టేది. ఆస్తి మీద ఏ లావాదేవీలు ఉన్నాయో తెలిపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కావాలంటే ఏళ్ల నాటి ఇండెక్సులు ఒక్కొక్కటే తిరగేయాలి, ఆ తిరగేయడానికి వేరే ఖర్చు. స్కానింగు రాగానే ఎత్తి రాయడం ఆగింది. కంప్యూటరుకెక్కిన సంవత్సరాలకు ఈసీ నిమిషాల మీద వచ్చింది.

ఇవన్నీ కౌంటరుకు అవతలి పనులు. దస్తావేజు లేఖరి పనిచేసేది కౌంటరుకు ఇవతల. హద్దులు తూర్పు పడమరలతో సహా తప్పులేకుండా రాయడం, ఇది దానమా, భాగపంపకమా, విక్రయమా అన్నదాన్ని బట్టి స్టాంపు సుంకం తేల్చడం, సాక్షులను కుదర్చడం అతని పనులు. ఇల్లు కొనేవాడు జీవితంలో ఒకటి రెండుసార్లు ఆ గుమ్మం తొక్కుతాడు, లేఖరి రోజుకు పదిసార్లు తొక్కుతాడు. తప్పు రాస్తే నష్టం లక్షల్లో ఉన్నప్పుడు, నమూనా పత్రం ఇంటర్నెట్టులో ఉచితంగా దొరికినా, తెలిసినవాడికి కొంత ఇచ్చి రాయించుకోవడమే మేలని జనం అనుకోవడం అవివేకం కాదు. కాకపోతే అతని రుసుముకూ, అతని ద్వారా లోపలికి వెళ్లే సొమ్ముకూ మధ్య గీత ఎక్కడన్నది మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ చూపించదు.

ఇదే కాలంలో మరో దారి కూడా తెరుచుకుంది. జంట నగరాల్లో 1999లో ట్విన్స్ అనే పేరుతో మొదలై 2001లో ఈసేవగా మారిన కేంద్రాలు, 2011 నవంబరులో వచ్చిన మీసేవ, మధ్యవర్తిని తొలగించే ప్రయత్నం చేయలేదు. అతనికి ఒక గది, ఒక బోర్డు, రాసిపెట్టిన రుసుము ఇచ్చి, వచ్చినవారి చేతికి డిజిటల్ సంతకమున్న ధ్రువపత్రాన్ని ఇచ్చాయి. లేఖరుల విషయంలోనూ ఆ దారి మేలనుకుంటాను.

ప్రశ్న: నేను మండల స్థాయి కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటును. ఐదు వాట్సాప్ గ్రూపులలో ఉన్నాను. రాత్రి పదిన్నరకు "రేపు తొమ్మిదికల్లా నివేదిక పంపాలి" అని సందేశం వస్తుంది. అదే వివరం ముగ్గురు అధికారులు మూడు నమూనాల్లో అడుగుతారు. ఇది ఉత్తర్వు కిందికి వస్తుందా? చూడలేదంటే తప్పవుతుందా?
– ఉద్యోగిని, నాగర్‌కర్నూలు జిల్లా

సమాధానం: పాత పద్ధతిని ఒకసారి తలచుకుందాం. పై కార్యాలయం ఒక వివరం అడగాలంటే మెమో టైపు చేయించాలి, ప్రతులు తీయించాలి, సంతకం కావాలి, తపాలా ఖర్చు ఉంది. అది మీ కార్యాలయం చేరాక ఇన్‌వర్డులో నంబరు పడాలి, పర్సనల్ రిజిస్టరులో ఎక్కాలి, నోట్‌ఫైలులో మీరు రాసినదాని మీద అధికారి సంతకం చేయాలి. అది నత్తనడకే. కాని అడగడానికీ శ్రమ ఉండటం వల్ల, ఈ వివరం నిజంగా అవసరమా అని అధికారి ఒక్క నిమిషమైనా ఆలోచించేవాడు. ఇప్పుడు అడగడానికి బొటనవేలు చాలు. ఊరూరా తిరిగి ఆ వివరం పోగుచేయడానికి పట్టే శ్రమ మాత్రం అప్పుడెంతో ఇప్పుడూ దాదాపు అంతే. మీరు పడుతున్న ఇబ్బందికి మూలం ఈ తేడాయే. అధికారుల స్వభావం కొంతవరకే కారణం.

ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నంత మాత్రాన ఒక రికార్డు చెల్లకుండా పోదని 2000 అక్టోబరు 17 నుంచి అమల్లో ఉన్న సమాచార సాంకేతిక చట్టం చెబుతోంది. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియమం కూడా అటువంటి రికార్డును, తగిన ధ్రువీకరణతో, సాక్ష్యంగా స్వీకరిస్తుంది. కనుక సందేశం పంపినది మీ పై అధికారి అయి, విషయం మీ విధులకు సంబంధించినదైతే, "అది వాట్సాప్ మాత్రమే" అని తోసిపుచ్చడం క్షేమం కాదు. అయితే ఆ సందేశానికి నంబరు లేదు, ఫైలు లేదు, పంపినవారు తరువాత తొలగించవచ్చు కూడా. పని చెడితే నీలి టిక్కులు మీ మీద సాక్ష్యం చెబుతాయి, మీకు అనుకూలంగా చెప్పడానికి మాత్రం ఏదీ మిగలదు.

ఫ్రాన్సులో 2017 జనవరి నుంచి, కనీసం 50 మంది ఉన్న సంస్థలలో పనివేళల తరువాత ఫోనుకు దూరంగా ఉండే హక్కు మీద యాజమాన్యం ఉద్యోగులతో చర్చించవలసి ఉంది. మన లోక్‌సభలో అటువంటి ప్రైవేటు బిల్లు వచ్చినా చట్టం కాలేదు.

అందువల్ల మీకు చేతనైనది ఫైలును వదలకపోవడం. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్ఐసీ తయారుచేసిన, ఫైళ్లను తెర మీదే నడిపే ఈ–ఆఫీసు మీ కార్యాలయంలో ఉంటే, అందులో నోటు రాసే చోటు పాత నోట్‌షీటు మాదిరే ఆకుపచ్చగా ఉండటం గమనించే ఉంటారు; ఎవరు, ఎప్పుడు, ఏమని రాశారో అక్కడ చెరిగిపోదు. ఉదయం వెళ్లగానే, "ఫలానా తేదీ రాత్రి 10.30 గంటలకు గ్రూపులో వచ్చిన ఆదేశం మేరకు ఈ వివరాలు సమర్పిస్తున్నాను, గడువు తక్కువగా ఉన్నందున మూడు గ్రామాల వివరాలు అందలేదు" అని రెండు వాక్యాల నోటు పెట్టి మీ అధికారికి పంపండి, ఈ–ఆఫీసు లేకపోతే కాగితం మీదే పెట్టండి. రెండో అధికారి అదే వివరం మరో నమూనాలో అడిగినప్పుడు మొదటి నోటు నంబరు పేర్కొని, ఏ నమూనాను ఖాయం చేయాలో తెలపమని అదే ఫైలులో అడగండి. గ్రూపులో వాదించవద్దు, అక్కడ నలభై మంది చూస్తుండగా తగ్గడం ఏ అధికారికీ సులభం కాదు, అదే ప్రశ్న ఫైలులో చదివినప్పుడు ఆయన ఏదో ఒక నమూనా మీద సంతకం పెట్టక తప్పదు.