జాలీబోయ్ దీవికి ఈత రాని అమ్మని తీసుకెళ్లొచ్చా?

అరవై దాటిన మీ అమ్మగారికి ఈత రాదు, అండమాన్‌లో జాలీబోయ్ వెళ్తే ఆవిడకి సముద్రం అడుగున పగడాలు ఏమైనా కనిపిస్తాయా అని అడిగారు. తప్పకుండా తీసుకెళ్లండి. మా అమ్మ నీళ్లలో కాలు పెట్టకుండానే నాకంటే ఎక్కువ చూసింది.

ముందు తేదీ చూసుకోండి. వండూరు దగ్గర 1983లో ఏర్పాటైన మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులో 15 దీవులున్నా, మనల్ని దిగనిచ్చేవి రెండే. అవీ వంతులవారీగా: నవంబరు నుంచి మే మధ్య దాకా జాలీబోయ్, మిగతా నెలల్లో రెడ్‌స్కిన్. సోమవారం సెలవు. అటవీశాఖ పర్మిట్ పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం) ముందే తీసుకోండి. ప్లాస్టిక్ రానివ్వరు, నీళ్లకి స్టీలు సీసా పెట్టుకోండి.

పెద్దవాళ్లకి కష్టమయ్యేది ఒక్కటే. బోటు ఒడ్డుదాకా రాదు, అది ఊగుతుండగానే చిన్న బోటులోకి మారాలి. మా బోటబ్బాయిది శ్రీకాకుళం వైపు, అండమాన్‌లో మనవాళ్లు చాలామందే ఉన్నారు. అమ్మని చెయ్యి పట్టుకుని నెమ్మదిగా దింపాడు.

ఆ చిన్న బోటుకి అడుగున అద్దం. కాసేపు ఉత్త ఇసకే. తర్వాత ఒక్కసారిగా పగడాలు, జింక కొమ్ముల్లాంటివి, మెదడులా మడతలు పడ్డవి వరసగా వచ్చాయి. అమ్మ మెళ్లో నల్లపూసల మధ్య పగడం పట్టుకుని, "మరి ఎర్రవేవిరా?" అంది. నగల్లోని పగడం జాతి వేరు, మధ్యధరా సముద్రంలో దొరుకుతుంది. ఇక్కడివి ఎక్కువగా గోధుమ, ఆకుపచ్చ. ఆ రంగు వాటి ఒంట్లో కాపురముండే నాచుది, తిండి పెట్టేది కూడా అదే. సముద్రం వేడెక్కితే నాచు వెళ్లిపోయి పగడం తెల్లబడుతుంది, వేడి తగ్గకపోతే చచ్చిపోతుంది. 2010లో అండమాన్‌లో అలా చాలా పోయాయి. మేం వెళ్లినప్పుడూ బూడిదరంగు దిబ్బలు కనిపించాయి. వాటి మీదే ఒకచోట అరచేయంత కొత్త పగడం చూశాం.

నేను మాత్రం మాస్క్ పెట్టుకుని నీళ్లలో దిగి ఒక తప్పు చేశాను. మాస్క్‌లోకి నీళ్లు రావడంతో కంగారుపడి కాళ్లు కింద ఆనించాను. కాలికింద పుటుక్కుమంది. "రాయి కాదు బాబూ, దానికి పానముంది!" అని అరిచాడు బోటబ్బాయి. దిమ్మల్లా ఉండే పగడాల్లో చాలావాటికి ఏడాదికి సెంటీమీటరు ఎదగడమే గొప్ప. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే. మీరు నీళ్లలో దిగితే లైఫ్ జాకెట్ వేసుకుని తేలండి, ఎక్కడా నిలబడకండి.

అమ్మగారిని అద్దానికి దగ్గరగా కూర్చోబెట్టి, డబ్బులెక్కువైనా రెండో చుట్టు వేయించండి. మొదటి చుట్టు కళ్లు అలవాటు పడేలోపే అయిపోతుంది.