కుట్టిన నరం, ఇంకా రాని స్పర్శ

గుంటూరు మిర్చి యార్డులో పనిచేసే మీ తమ్ముడికి మణికట్టు దగ్గర తెగిన నరాన్ని కుట్టి మూడు నెలలైనా వేళ్లకు స్పర్శ రాలేదనీ, నరం పెరగడానికి ఇంజెక్షన్ ఏదైనా ఉందా అనీ అడిగారు. కంగారు పడకండి. నరంలోని కొత్త తంతువు (సన్నని పోగు) రోజుకు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుంది కనుక, వేలి కొసకు చేరడానికి ఆరు నెలలు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది.

తెగిన చోటుకు దిగువనున్న ష్వాన్ కణాలు (నరపు తంతువులను చుట్టి ఉండే కణాలు) పాత తంతువు శిథిలాలను తొలగించి, వరుసలుగా ఏర్పడి, ఎన్‌జీఎఫ్, బీడీఎన్‌ఎఫ్ వంటి వృద్ధి కారకాలను (నరం పెరుగుదలకు తోడ్పడే ప్రోటీన్లను) విడుదల చేస్తాయి. పందిరి వెంట తీగ పాకినట్లు కొత్త తంతువు ఆ వరుసల వెంటే సాగుతుంది. వృద్ధి కారకాల ఆవిష్కరణకు రీటా లెవీ మోంటాల్చినీ, స్టాన్లీ కోహెన్‌లకు 1986లో నోబెల్ బహుమతి లభించింది. అయితే ఎన్‌జీఎఫ్‌ను బయటి నుంచి ఎక్కిస్తే నొప్పి పుడుతుంది. తెగిన నరానికి అది మన దగ్గర సాధారణ చికిత్స కాలేదు.

మెదడు కూడా ఆ వేళ్ల నుంచి వచ్చే సంకేతాలను మళ్లీ గుర్తుపట్టడం నేర్చుకోవాలి. నాడీ సంధులను (నాడీ కణాలు ఒకదానికొకటి సంకేతాలు అందించుకునే చోట్లను) బలపరిచే బీడీఎన్‌ఎఫ్ అక్కడ తోడ్పడుతుంది, నడక వంటి వ్యాయామం దానిని పెంచుతుంది. కాస్త స్పర్శ మొదలయ్యాక దూదిని, బియ్యాన్ని, నాణేన్ని ముందు చూస్తూ, తర్వాత కళ్లు మూసుకుని తాకించండి. స్పర్శ వచ్చేవరకు వేడి టీ గ్లాసు, కత్తి విషయంలో చాలా జాగ్రత్త అవసరం. నరం దారిలో మెల్లగా తట్టినప్పుడు జివ్వుమనే చోటు నెలనెలా వేళ్లవైపు జరగకపోతే, ఆలస్యం చేయకుండా సర్జన్‌కు చూపించండి.