బిదరీ పళ్ళేన్ని చింతపండుతో తోమవచ్చునా?

ప్రశ్న: మా పెద్దమ్మాయి నిశ్చితార్థంలో వియ్యాలవారు నల్లటి లోహం మీద వెండి తీగలతో లతలు, పూలు పొదిగిన బిదరీ పళ్ళెంలో చీర, పసుపు కుంకుమలు పెట్టి ఇచ్చారు. శుక్రవారం పూజసామాగ్రితో పాటు దానిని కూడా మా చిన్నమ్మాయి చింతపండు, ఉప్పు వేసి తోమేసరికి అంచు పొడుగునా నలుపు పోయి బూడిదరంగు మచ్చలు తేలాయి. అది మళ్ళీ బాగుపడుతుందా? అందులో హారతి వెలిగించవచ్చునా, ప్రసాదం పెట్టవచ్చునా? అసలు నల్లని వస్తువు శుభకార్యానికి తగదని మా అత్తగారు అంటున్నారు.
— ఒక గృహిణి, తిరుపతి

జవాబు: అమ్మా, దిగులు పడకండి. మీ పళ్ళెంలోని వెండి పనికి చింతపండు వలన హాని కలగదు. పోయింది పైనున్న నలుపు మాత్రమే, దానిని తిరిగి తెప్పించవచ్చు. అయితే ఇక ముందు దానిని చింతపండు, నిమ్మకాయ, పీతాంబరి పొడి, పీచు దరిదాపులకు రానివ్వకండి. ఇత్తడి, రాగి సామాను మీద పట్టిన చిలుమును పులుపు కరిగించి మెరుపు తెస్తుంది, కాబట్టి మన ఇళ్ళలో ఆ అలవాటు సరైనదే. కాని బిదరీలో లోహం మీద కావాలని పట్టించిన ఆ నల్లటి పొరే అందం, అది ఉంటేనే వెండి తెల్లగా ఎత్తి కనిపిస్తుంది.

ఆ నలుపు రంగు పూత కాదు. పళ్ళెం దేహమంతా యశదం, అంటే జింకు. అందులో రాగి కొద్దిపాళ్ళు మాత్రమే కలుపుతారు. ఆముదం, గుగ్గిలం కలిపిన మట్టి అచ్చులో పోత పోసి, ఆకురాయితో నున్నగా రాచి, గీత స్పష్టంగా కనబడడానికి మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్ళతో తాత్కాలికంగా నల్లబరుస్తారు. పిమ్మట పనివాడు చేతితోనే లతను గీసి, సన్నని ఉలితో ఆ గీత వెంట గాడి తొలిచి, అందులో వెండి తీగనో, రేకు ముక్కనో ఉంచి సుత్తితో మెల్లగా కొట్టి కూర్చుతాడు. మొత్తం రాచి మెరుగుపెట్టాక, చివరగా ఈ కళకు పేరిచ్చిన కర్ణాటకలోని బీదరు ఊరి కోటలో దొరికే మట్టిని నవసాగరంతో (అమ్మోనియం క్లోరైడుతో) కలిపి వెచ్చని పళ్ళెం మీద రుద్దుతారు. ఆ లేపనానికి యశదం కాటుకలా నల్లబడుతుంది, వెండి మాత్రం చెక్కుచెదరదు. కోటలో ఎండావానా తగలని చోట తీసిన మట్టి అయితేనే నలుపు చక్కగా పడుతుందని అక్కడి కళాకారులు చెబుతారు. అందువలన మీ పళ్ళేనికి పోయిన రంగును బూట్ పాలిష్‌తోనో, పెయింటుతోనో కప్పే ప్రయత్నం చేయవద్దు. బీదరులోగాని, ఈ పని చేసే హైదరాబాదులోగాని పనివారి చేతికి ఇస్తే మచ్చలున్న చోటు రాచి, మళ్ళీ ఆ మట్టితో నల్లబరుస్తారు. తీగ ఎక్కడైనా పైకి లేచి ఉంటే ఇంట్లో సుత్తితో కొట్టకుండా అదీ వారికే చూపించండి. ఇంట్లో చేయవలసింది చాలా తక్కువ: పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, అప్పుడప్పుడు ఒక్క చుక్క కొబ్బరినూనె పట్టించి, మిగిలిన జిడ్డు తుడిచేయండి.

హారతి పళ్ళెంగా నేరుగా వాడకండి. కర్పూరం వేడికి, మసికి నల్లటి పొర పాడవుతుంది. వెలిగించే ఇత్తడి హారతిని విడిగానే ఉంచండి. పులిహోర, దద్ధ్యోదనం వంటి పుల్లని ప్రసాదాలు అసలే పెట్టకూడదు. పులుపుకు యశదం కరిగి ఆహారంలో కలుస్తుంది. పొడి ప్రసాదమైనా అరిటాకు పరచి పెట్టడం మంచిది. తమలపాకులు, వక్కలు, పసుపు కుంకుమలు, రవికెగుడ్డ, గాజులు పెట్టి ఇవ్వడానికి మాత్రం దీనికి సాటి లేదు. నిజాం కాలంలో పాన్‌దాన్‌లు, హుక్కా బుడ్లు ఈ పనితోనే చేసేవారు. బీదరు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉండడం వలన ఈ కళ తెలుగువారికి పరాయిది కాదు. ఇప్పటికీ పనిచేస్తున్న కళాకారులలో షా రషీద్ అహ్మద్ ఖాద్రీ గారికి 2023లో పద్మశ్రీ లభించింది.

మీ అత్తగారి అభ్యంతరాన్ని కాదనడానికి నాకు శాస్త్రాధికారం లేదు, పురోహితుణ్ణి అడిగి తేల్చుకోవచ్చు. కాని మంగళసూత్రంతో నల్లపూసలు కట్టే ఆచారం మనదే కదా, నల్లని సాలగ్రామానికి పూజ చేసేవాళ్ళమూ మనమే. వియ్యాలవారు ఇచ్చిన వస్తువును అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయకుండా, వచ్చిన ముత్తయిదువకు తాంబూలం అందులోనే ఇస్తే వారికీ సంతోషం కలుగుతుంది.

ప్రశ్న: పదవీ విరమణ చేస్తున్న మా ప్రధానోపాధ్యాయినిగారికి బిదరీ పళ్ళెం బహూకరించాలని అనుకుంటున్నాము. అసలైనదని తెలుసుకోవడం ఎలా?
— ఒక ఉపాధ్యాయుడు, చిత్తూరు

జవాబు: ముందు చేత్తో ఎత్తి చూడండి, యశదం కాబట్టి బరువుగా ఉండాలి, తేలికగా ఉంటే అది అల్యూమినియం కావచ్చు. తరువాత కళ్ళు మూసుకుని పూల మీద వేలు నడిపించండి. పొదిగిన తీగ ఉపరితలంతో సమంగా ఒదిగి ఉంటుంది, అతికించినదీ, రంగుతో గీసినదీ వేలికి మిట్టగా తగులుతుంది. పొదిగిన వెండి ఎంత ఉంటే ధర అంత పెరుగుతుంది కనుక, వాడినది వెండి అని రసీదులో రాయించుకోండి. సన్మానం కాబట్టి పేరు, తేదీ చెక్కించాలనుకుంటే పళ్ళెం వెనుక భాగంలో చెక్కించమనండి, ముందు వైపు చెక్కితే నల్లటి పొర తెగుతుంది. పళ్ళెంతో పాటు పులుపు తగలనివ్వవద్దన్న మాట ఒక చిన్న కాగితం మీద రాసి ఇవ్వండి.