బతుకమ్మకు కుండీలో బంతి పూయాలంటే

"బల్లార్షాలో డాబా మీద కుండీల్లో బంతి, చామంతి పెట్టాను. మొక్కలు ఏపుగా పెరిగాయి, ఆకు నల్లగా నిగనిగలాడుతోంది, మొగ్గ మాత్రం ఒక్కటీ లేదు. ఎద్దుల పండగ పోళా వచ్చేస్తోంది. బతుకమ్మకు పూలు అందుతాయా?" అని అడిగారు. బంతి అందుతుంది అక్కా. చామంతి మీద ఆశ పెట్టుకోకండి.

మాదీ మీలాగే మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లానే, రాజురా, మీకు వర్ధా నది అవతలి ఒడ్డే. ఎండా వానా మట్టీ అన్నీ ఒకటే కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

ఆకు అంత నల్లగా ఉందంటే నత్రజని ఎక్కువైందన్నమాట. వారం వారం చెంచాడు యూరియా వేస్తున్నానని మీరే రాశారు. ఇక ఒక్క పలుకు కూడా వేయకండి. కృషి కేంద్రంలో, అంటే ఎరువుల దుకాణంలో, 0:52:34 అని అడిగితే ఇస్తారు, నత్రజని లేకుండా భాస్వరం, పొటాష్ మాత్రమే ఉండే, నీళ్లలో కరిగే ఎరువు. లీటరుకు రెండు గ్రాములు కలిపి, వాన లేని సాయంత్రం చూసి ఆకుల మీద చల్లండి. కుండీలను గోడ నీడలోంచి జరపండి, రోజుకు ఆరు గంటల ఎండైనా తగలాలి. పెద్ద బంతి పగలు తగ్గేకొద్దీ తొందరగా మొగ్గ తొడుగుతుంది, అదొకటి మనకు కలిసొస్తుంది.

గుబురుగా వస్తుందని ఇప్పుడు తలలు తుంచకండి. పోళా అమావాస్యకూ ఎంగిలిపూల అమావాస్యకూ మధ్య ఉండేది నెలే. ఇప్పుడు తుంచితే పక్క కొమ్మలు లేచి మొగ్గ వేసేసరికి సద్దుల బతుకమ్మ దాటిపోవచ్చు. ఆ పని జులైలోనే, మొక్క జానెడు ఎత్తున్నప్పుడు చేయాలి. గోటితో చిటుక్కున తుంచితే చాలు, కత్తెర అక్కర్లేదు.

అన్నిటికన్నా ముఖ్యం నీళ్లు. శ్రావణ భాద్రపదాల్లో మన దగ్గర కుండీ మొక్కలు ఎండకు చావవు, నీళ్లు నిలిచి కుళ్లి చస్తాయి. నల్లరేగడి ఒక్కటే నింపితే తడిసినప్పుడు జిగురు, ఆరితే రాయి. కుండీ పక్కనుంచి మట్టి విడిపోయి పగులు కనిపిస్తే మీది అదేనని అర్థం. వచ్చే ఏడు రేగడి ఒక పాలు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలపండి. ఈ ఏటికి కుండీలను రెండేసి ఇటుకల మీద ఎత్తి, కింది రంధ్రంలో పుల్ల పెట్టి కెలకండి. వేలు రెండు కణుపులు దించితే తడి తగిలిందా, ఆ పూట నీళ్లు వద్దు.

వానలు ఆగి మళ్లీ ఎండ కాస్తే ఆకు మీద సన్నటి తెల్ల చుక్కలు పడతాయి. ఆకు తిప్పి చూడండి, బూజులాంటి సన్నని గూడు, అందులో సూది మొనంత ఎర్రటి పురుగులు కదులుతుంటాయి. అది ఎర్రనల్లి. పొద్దున్నే ఆకుల అడుగున పైపుతో గట్టిగా నీళ్లు కొట్టండి, రెండు మూడు రోజులు వరసగా. మన ఊళ్లలో ఆకుల మీద పేరుకునే బొగ్గు దుమ్ము కూడా దాంతోనే పోతుంది.

వచ్చే ఏడు బంతితోపాటు పట్టుకుచ్చు, బొగడబంతి కూడా వేయండి. నన్నడిగితే కుండీకి బంతికన్నా బొగడబంతే మేలు, నాలుగు రోజులు నీళ్లు మరిచినా ఏమీ అనదు, కోశాక రంగు పోదు. పట్టుకుచ్చు పూవు వాననీరు పట్టి లోపల కుళ్లుతుంది, ముసురు పడితే చూరు కిందకు జరపాలి. గునుగు కోసం కుండీ దండగ, సోయాబీన్ చేల గట్ల మీద కావలసినంత. అన్నట్టు, అమావాస్య ముందు రాత్రి కుండీలు లోపల పెట్టుకోండి. మా వాడలో ఆ రాత్రి పూలకు కాళ్లొస్తాయి!

ఇక చామంతి. రాత్రులు బాగా పొడవైతేగాని మొగ్గ వేయదు, మామూలు రకాలు మనకు పూసేది దీపావళి తర్వాతే. మీ డాబా మీద వీధి లైటు వెలుగు పడుతుంటే ఇంకా ఆలస్యం. రాత్రి చీకటి ఉండే మూలకు జరిపి, కర్ర ఊతం కట్టి వదిలేయండి.