ముట్టుకుంటే తెలిసే గిన్నెలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పెరట్లో చేమాకులు అద్ది, ఊరి చెరువు మట్టితో భోజనం పళ్లేలు చేస్తున్నాను. ఆరేసరికి అంచులు పైకి లేస్తున్నాయి, కొన్ని నడుమ బీట పడుతున్నాయి. బాగా కాలిన వాటి మీద కూడా వారం తిరక్కుండా తెల్ల చుక్కలు పొంగి పెచ్చులు ఊడాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, రాజోలు

ఇవి రెండు వేర్వేరు జబ్బులండీ. ముందు పెచ్చుల సంగతి. మన కాలవల మట్టిలో, చెరువు మట్టిలో నత్తగుల్లల ముక్కలు కలిసి ఉంటాయి. ఆవంలో, అంటే కుండలు కాల్చే బట్టీలో, వేడి 800 డిగ్రీల సెల్సియస్ దాటాక ఆ గుల్ల పొడిసున్నంగా మారుతుంది. పళ్లెం బయటికొచ్చాక అదే సున్నం గాల్లో చెమ్మ పీల్చి ఉబ్బి, మీదున్న మట్టిని నెట్టేస్తుంది. చుక్క మధ్యలో తెల్లటి గింజ కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. ఎండిన మట్టిగడ్డ మీద నాలుగు చుక్కలు వెనిగర్ వేసి చూడండి, బుసబుస నురగొస్తే సున్నం ఉన్నట్టే.

మట్టిని పూర్తిగా ఎండబెట్టి, గోలీకాయలంత ముక్కలుగా కొట్టి నీళ్లలో పోయండి. తడి మట్టిని అలాగే వేస్తే కరగదు. ఎండినదైతే తనంతట తనే విచ్చుకుంటుంది. మర్నాడు కలియబెట్టి పల్చటి వాయిల్ చీరలో వడకట్టి, మట్టి అడుక్కి దిగాక పైనీళ్లు వంచెయ్యండి. సముద్రానికి దగ్గర ఊళ్లవాళ్లు ఇలా రెండు మూడుసార్లు నీళ్లు మార్చాలి. లేకపోతే మట్టిలో ఉప్పు ఆరేటప్పుడు పైకి తేలి, కాల్చాక తెల్లటి పొరలా నిలిచిపోతుంది.

ఇక వంకర్లు. అంచు ముందు ఆరి ముడుచుకుంటుంది, నడుమ ఇంకా తడిగా ఉంటుంది. ఆ లాగుడుకే అంచు లేవడమూ, నడుమ బీటపడడమూ. వట్టి బంకమట్టి ముడుచుకోవడం ఎక్కువ. 10 కిలోల మట్టికి ఒకటిన్నర నుంచి 2 కిలోల పెంకుల పొడి కలపండి. పాత కుండపెంకులు దంచి జల్లిస్తే వచ్చేదే అది. అటూ ఇటూ 8 మిల్లీమీటర్ల చెక్కపట్టీలు పెట్టి అప్పడాల కర్రతో ఒత్తితే మందం అంతటా ఒక్కటే వస్తుంది. ఒకే దిక్కుకి ఒత్తకండి, రెండు ఒత్తులకోసారి రొట్టెను తిప్పుతూ ఉండండి. ఎత్తేటప్పుడు అంచు పట్టుకుని లేపారో, మట్టి ఆ వంపును మర్చిపోదు. చదును చేసి పెట్టినా ఆరేటప్పుడు మళ్లీ అక్కడే లేస్తుంది. కింద గుడ్డ వేసి, గుడ్డతో సహా జరపండి.

ఆరబెట్టేటప్పుడు పలక మీద పాత పేపరు వేసి, అంచు చుట్టూ మాత్రం పాలిథిన్ పట్టీ కప్పి నడుమ వదిలెయ్యండి. గట్టిపడ్డాక బోర్లించండి. ఫ్యాను పెట్టొద్దు. వానాకాలంలో మన దగ్గర పది రోజులైనా పడుతుంది. పళ్లేన్ని చెంపకు ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉంది. ఆ తడితో ఆవంలోకి వెళ్తే లోపల ఆవిరి పుట్టి పళ్లెం ముక్కలైపోతుంది.

అడగకపోయినా ఒక మాట. ఆకు అచ్చు పళ్లెం లోపల వద్దు. ఈనెల గాళ్లలో పచ్చడి నూనె ఇరుక్కుంటుంది, అన్నం కలిపేటప్పుడు గోళ్లకు గరగరలాడుతుంది. అచ్చును వెనకవైపు వేయండి. పళ్లెం చేత్తో పట్టుకున్నప్పుడు వేళ్లకు ఈనెలు తగులుతాయి, కంటికి కనపడకపోయినా. లోపలి ముఖాన్ని తోలులా గట్టిపడ్డ పదునులో గులకరాయితో రుద్ది నునుపు చేయండి. ముద్దను అంచుకు ఒత్తి తీసుకునే అలవాటు మనది కాబట్టి, అంచు ఒకటిన్నర సెంటీమీటర్లు లేవాలి. పూత లేని పళ్లెం నూనె పీల్చక మానదు, పులుసు వడ్డించే రోజున అరిటాకు ముక్క పరవండి.

మట్టికప్పులో కాఫీ తాగితే పెదవిని పట్టి లాగినట్టుంటోంది. అడుగున చెమ్మ దిగి బల్ల మీద మచ్చ పడుతోంది. తాటిముంజలా, పిడి లేకుండా, అరచేతిలో ఇమిడే కప్పు చేయాలని ఉంది.
– ఒక పాఠకుడు, అమలాపురం

మచ్చకీ, పెదవి లాగడానికీ కారణం ఒకటే. 800, 900 డిగ్రీలకు కాలిన ఎర్రమట్టిలో సన్న రంధ్రాలు ఉండిపోతాయి. అవి పెదవి తడినీ పీలుస్తాయి, కాఫీనీ దింపుతాయి. రాయితో రుద్దితే పెదవికి కాస్త నయం, కారడం మాత్రం ఆగదు. పోనీ ఇంకా ఎక్కువ కాలుద్దామంటే, ఇనుము ఎక్కువున్న మన మట్టి 1100 దాటితే ఉబ్బి కుంగిపోతుంది. కప్పుకి మాత్రం స్టోన్‌వేర్ మట్టి, అంటే ఎక్కువ వేడికి కాలి రాయిలా గట్టిపడే మట్టి, కొనుక్కుని 1200 నుంచి 1250 డిగ్రీలకు కాల్పించుకోండి.

ఆ మట్టి ఆరీ కాలీ సుమారు 12 శాతం ముడుచుకుంటుంది. ఇది అన్ని వైపులా కాబట్టి, 150 మిల్లీలీటర్లు పట్టే కప్పు కావాలంటే పచ్చిగా ఉన్నప్పుడు 220 పట్టాలి. 8 సెంటీమీటర్ల మూతి రావాలంటే 9.1 తీయాలి. చాలామంది ఇక్కడే మోసపోయి, కాలాక మందుసీసా మూతంత కప్పు చూసి ఉసూరుమంటారు. మీ మట్టి లెక్క మీరే చూసుకోండి: పచ్చి పట్టీ మీద 10 సెంటీమీటర్ల గీత గీసి, కాల్చాక కొలిస్తే సరి.

గోడ 4, 5 మిల్లీమీటర్లు, అంచు రెండున్నర నుంచి 3. అంతకంటే పల్చనైతే పెచ్చు లేస్తుంది, మందమైతే కాఫీ పెదవి పక్కనుంచి కారుతుంది. సారె తిరుగుతుండగా తడి తోలుముక్కను అంచు మీద మడిచి పట్టుకుంటే గుండ్రదనం వస్తుంది. స్టీలు గ్లాసు అంచులా కాస్త బయటికి వంచండి. ఎత్తిపోసుకునేవాళ్లకు అదే హాయి.

ముంజ పోలిక అంటే ముంజ బొమ్మ అని కాదు. వలిచిన ముంజను పట్టుకుంటే వేలు మెత్తగా దిగే చోటు ఒకటుంటుంది. కప్పులో కావలసింది ఆ చోటే. తోలు పదునులో బొటనవేలికొకటి, ఎదురుగా మధ్యవేలికొకటి, 3 మిల్లీమీటర్ల లోతు నొక్కులు చాలు. తడిగా ఉండగా నొక్కితే మూతి కోలగా పోతుంది, ఆరాక నొక్కితే చీలుతుంది. పిడి లేదు కాబట్టి వేడి తగలకుండా నొక్కులు పైభాగంలో, కాఫీ గీతకు ఎగువన వచ్చేట్టు చూసుకోండి. కప్పును నిండా నింపకండి.

ఊరి మట్టి మీద మమకారముంటే దాన్ని పూతకు వాడుకోవచ్చు. వడకట్టిన ఒండ్రును చిక్కటి మజ్జిగలా కలిపి, కప్పు ఇంకా తడిగా ఉండగానే బయటివైపు ముంచండి. ఆరిన కప్పు మీద వేస్తే పొలుసులు లేస్తుంది. 1250 దగ్గర ఇనుమున్న ఒండ్రు చాలావరకు కరిగి గోధుమరంగు మెరుపు తేలుతుంది. ముందు చిన్న బిళ్ల మీద, కింద మూకుడు ముక్క పెట్టి పరీక్షించండి. కారి కొలిమి లోపలి పలకకి అంటుకుంటే కొలిమివాళ్లు మళ్లీ మీ సరుకు ముట్టుకోరు. లోపలికి మాత్రం సీసం లేని, నమ్మకమైన పూతే.

కొబ్బరిచిప్ప గిన్నెలు చేస్తున్నాం. కొన్ని కారుతున్నాయి, కొన్ని వానల్లో బూజు పడుతున్నాయి.
– ఒక మహిళా బృందం, అంబాజీపేట

కారేది కన్నులవైపు సగం. మూడు కన్నుల్లో ఒకటి మెత్తనిది, మొక్క అందులోంచే వస్తుంది. గిన్నెకు రెండో సగం తీసుకుని, కన్నుల సగాన్ని దీపాలకో, గరిటెలకో వాడండి. ముదురు కాయే కావాలి, లేతచిప్ప ఆరాక చీలుతుంది. కత్తితో కొడితే పగులు కంటికి కనపడకుండా కిందికి పాకుతుంది. హ్యాక్సా బ్లేడుతో చుట్టూ తిప్పుకుంటూ కోయండి. తర్వాత 80, 120, 240, 400 నంబర్ల ఉప్పు కాగితాలు వరుసగా. 240 నుంచి తడిపి రుద్దితే దుమ్ము ఎగరదు. ముక్కుకి గుడ్డ తప్పనిసరి.

బూజుకి కారణం చిప్పలో మిగిలిన కొబ్బరి పొర, పైన పీచు. రెంటినీ వెంట్రుక మిగలకుండా గీకాలి. పూతకు నాలుగు వంతుల కొబ్బరినూనెలో ఒక వంతు తేనెమైనం, నీళ్లగిన్నెలో పెట్టి కరిగించి, గోరువెచ్చగా రాసి, గంటయ్యాక తుడిచెయ్యండి. రంగుల షాపులో దొరికే ఉడికించిన అవిసె నూనె వద్దు, త్వరగా ఆరడానికి అందులో లోహపు లవణాలు కలుపుతారు. వార్నిష్ సంగతి చెప్పనే అక్కర్లేదు. రాత్రంతా నీళ్లలో నానబెట్టకూడదనీ, మైక్రోవేవ్‌లో పెట్టకూడదనీ కొనేవాళ్లకు చెప్పి మరీ అమ్మండి.

దారిలో కొన్న రంగుల మెరుపు గిన్నెలో మామిడికాయ పచ్చడి నిల్వ చేయొచ్చా?
– ఒక పాఠకురాలు, నరసాపురం

వద్దు. తక్కువ వేడికి కరిగే మెరుపు పూతల్లో సీసం ఉండొచ్చు, పులుపు దాన్ని లాగుతుంది. రాత్రంతా వెనిగర్ పోసి ఉంచితే పూత రంగు మారిందా, ఆ గిన్నెను పూలకు వాడండి. రంగు మారకపోయినంత మాత్రాన సీసం లేదని కాదు, అది ల్యాబ్ పరీక్షలోనే తేలుతుంది. ఆవకాయకు మన పాత జాడీయే మేలు. అది బాగా ఎక్కువ వేడికి కాలిన సరుకు.

గుండ్రటి అడుగు గిన్నెలు డైనింగ్ టేబుల్ మీద దొర్లుతున్నాయి. అడుగు చదును చేస్తే అందం పోతోంది.
– ఒక పాఠకుడు, తణుకు

చదును చేయకండి. కుండ కింద చుట్టకుదురు పెట్టేది ఇందుకే. కొబ్బరిపీచు తాడును వేలి మందంలో మూడు చుట్లు చుట్టి దారంతో కుట్టండి. లోపలి వ్యాసం గిన్నె వ్యాసంలో సగానికి కాస్త తక్కువ ఉండాలి. సగం దాటితే గిన్నె దిగబడి బల్లకు తగులుతుంది, మరీ చిన్నదైతే పప్పు తోడేటప్పుడు ఒరుగుతుంది. తడిస్తే ఎండలో వేయండి.