సర్వర్‌లోని ఫైళ్ళ పేర్లు మార్చడానికి వాటిని డౌన్‌లోడ్ చేసుకోవాలా?

సర్వర్‌లో మూడు వేల ఫొటోలు ఉన్నాయని, పేర్లు మార్చి వేరే ఫోల్డర్‌లో పెట్టడానికి అన్నిటినీ ల్యాప్‌టాప్‌లోకి దించుకుని మళ్ళీ ఎక్కిస్తున్నానని, దానికే ఒక పూట పోతోందని రాశారు. అంత కష్టం అక్కర్లేదు. ఆ ఫొటోలు సర్వర్ దాటి బయటికి రావాల్సిన పనే లేదు.

మొదట్లో నేనూ మీలాగే చేసేవాణ్ణి. తర్వాత ఒకరోజు ఎస్ఎస్‌హెచ్‌తో (ssh, దూరంలోని కంప్యూటర్‌కి నేరుగా కమాండ్లు ఇచ్చే దారి) సర్వర్‌లోకి లాగిన్ అయి, అక్కడే ఫైళ్ళను జరిపే ఎంవీ (mv) కమాండ్ ఇచ్చాను. ఎంటర్ నొక్కానో లేదో, 40 జీబీ ఫోల్డర్ కొత్త చోట కనిపించింది. నమ్మకం కుదరక రెండు మూడు వీడియోలు తెరిచి కూడా చూశాను. ఒకే ఫైల్‌సిస్టమ్‌లో, అంటే డిస్కులోని ఒకే భాగంలో ఉన్నంతవరకు ఫైల్‌లోని డేటా కదలదు, డైరెక్టరీలో రాసి ఉన్న పేరే మారుతుంది. అందుకే లైనక్స్‌లో పేరు మార్చడానికీ చోటు మార్చడానికీ ఒకటే కమాండ్.

కొత్త ఫోల్డర్ వేరే డిస్కులో ఉంటే మాత్రం కథ మారిపోతుంది. అప్పుడు ఎంవీ లోలోపల కాపీ చేసి, ఆ తర్వాత పాతవి తీసేస్తుంది. రెండు ఫోల్డర్ల పేర్లూ ఇచ్చి, ఏది ఏ డిస్కులో ఉందో చూపే డీఎఫ్ (df) కమాండ్ నడిపితే అవి ఒకే చోట ఉన్నాయో లేదో తెలిసిపోతుంది. నాకు ఇలాంటి పని మధ్యలో ఒకసారి నెట్ పోయింది. మళ్ళీ లాగిన్ అయ్యేసరికి కొత్త చోట సగం ఫైళ్ళే ఉన్నాయి, చివరిది అరకొరగా ఉంది. అప్పటి నుంచి పెద్ద పని ఏదైనా, సర్వర్‌లోనే నడుస్తూ ఉండే టీమక్స్ (tmux) అనే ప్రోగ్రామ్ లోపలే మొదలుపెడతాను. కనెక్షన్ తెగినా అక్కడ పని ఆగదు. డిస్కు మారేటప్పుడు ఎంవీ కూడా వాడను. ఆర్‌సింక్ (rsync) అనే కాపీ ప్రోగ్రామ్‌తో కాపీ చేసి, సరిచూసుకున్నాకే పాతవి తీసేస్తాను. మధ్యలో ఆగినా, అదే కమాండ్ మళ్ళీ ఇస్తే పూర్తయిన ఫైళ్ళను వదిలేసి మిగతావి అందుకుంటుంది.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. తేదీలవారీగా ఉన్న ఫోల్డర్లలోని ఫొటోలన్నిటినీ ఒకే ఫోల్డర్‌లోకి తేవాలని చిన్న లూప్ రాశాను, అంటే ఒకే కమాండ్‌ని ఫైళ్ళన్నిటి మీదా వరుసగా నడిపేది. కెమెరా ప్రతి కార్డులోనూ నంబర్లు మొదటి నుంచి వేసింది, అంటే ప్రతి ఫోల్డర్‌లోనూ అవే పేర్లు. ఎంవీ ఏమీ అడగకుండా ఒకదాని మీద ఇంకోటి రాసుకుంటూ పోయింది. అక్కడ రీసైకిల్ బిన్ లేదు. బ్యాకప్‌లో కొన్నే దొరికాయి, మిగతావి శాశ్వతంగా పోయాయి. దయచేసి మీరు ఆ తప్పు చేయకండి. ఎంవీ పక్కన మైనస్ ఎన్ (-n) పెట్టండి. అదే పేరుతో ఫైల్ ఉంటే దాన్ని ముట్టుకోదు, మీ ఫొటో పాత ఫోల్డర్‌లోనే భద్రంగా మిగిలిపోతుంది. లూప్‌ని మొదటిసారి ఎంవీకి ముందు ఎకో (echo, ఇచ్చిన మాటల్ని తెర మీద చూపే కమాండ్) పెట్టి నడపండి. ఏమీ మార్చకుండా, ఏ పేరు ఏమవుతుందో తెర మీద చూపిస్తుంది. ఓ ఇరవై వరుసలైనా ఓపిగ్గా చదవండి. పనికి ముందూ తర్వాతా ఫైళ్ళు లెక్కపెట్టుకోండి.

మీకు ఎస్ఎస్‌హెచ్ ఇవ్వకుండా, ఫైళ్ళు ఎక్కించుకుని దించుకునే ఎఫ్‌టీపీ (FTP) మాత్రమే ఇచ్చి ఉంటే, ఆ ప్రోగ్రామ్‌లో సర్వర్ వైపున్న ఫైల్ మీదే రీనేమ్ వాడండి. అది కూడా సర్వర్‌లోనే జరుగుతుంది, డేటా మీ నెట్ మీదుగా రాదు. కాకపోతే మూడు వేల ఫైళ్ళకు ఒక్కొక్కటిగా చేయాలంటే ఓపిక కావాలి.

ఇంకో మాట, ఈ ఫొటోలను ఏదైనా వెబ్‌సైట్ వాడుకుంటుంటే పేరు మారగానే పాత లింకులు తెగిపోతాయి. ముందు అది చూసుకోండి. డీఎఫ్ ఏం చూపించిందో, పాత పేర్లు కొత్త పేర్లు ఎలా ఉండాలో రెండు ఉదాహరణలు ఇక్కడ పెడితే, లూప్ నేను రాసిస్తాను.