బోరు నీళ్లను తిట్టుకోవద్దు

చిరంజీవి మేనకోడలికి,

చిత్తూరు నుంచి మామయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

నీ కొత్త చేపల తొట్టి ఫోటోలు చూశాను. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అంటే అంచు వరకు పోస్తే 85 లీటర్లు. అడుగున రాళ్లకు, పైన వదిలే ఖాళీకి తీసేస్తే 70 అనుకో. మొదటి తొట్టికి మంచి కొలత. గుండ్రటి గాజు గిన్నె కొననందుకు సంతోషం, అలాంటి వాటిలో చేపలు బతకవు, కొన్నాళ్లు ఓర్చుకుంటాయి అంతే. ఇక వచ్చే ఆదివారమే చేపలు తెస్తామని బాబుకు మాట ఇచ్చావట. ఆ మాట వెనక్కి తీసుకో. నెలన్నర తరువాత అని చెప్పు. వాడు ఏడిస్తే తాతయ్య వద్దన్నాడని నా మీద పెట్టు.

ఎందుకంటే, చేప బతికున్నంతసేపూ దాని మొప్పల నుంచి అమ్మోనియా వస్తూనే ఉంటుంది. తినగా మిగిలిన మేత కుళ్లినా అదే వస్తుంది. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషాలే. అమ్మోనియా మొప్పలను కాల్చేస్తుంది. నైట్రైట్ రక్తంలో చేరి ఆక్సిజన్ మోసే శక్తిని పోగొడుతుంది, రక్తం గోధుమ రంగుకు తిరుగుతుంది. నైట్రేట్ మాత్రం కాస్త పేరుకున్నా ప్రమాదం లేదు, వారానికోసారి కొన్ని నీళ్లు మారిస్తే అదుపులో ఉంటుంది. ఈ బ్యాక్టీరియా నీళ్లలో తేలుతూ తిరగదు. ఫిల్టర్ స్పాంజిలో, రాళ్ల మీద పట్టుకుని ఉంటుంది. పెరగడంలో మహా నిదానం, ఒక్కసారి రెట్టింపు కావడానికే చాలా గంటలు కావాలి. రెండో పని నైట్రోబ్యాక్టర్ చేస్తుందని పాత పుస్తకాలు అంటాయి. 1998లో హొవానెక్ అనే శాస్త్రవేత్త బృందం మంచినీటి అక్వేరియంలలో వెతికితే ఆ పనిలో దొరికింది నైట్రోస్పైరా. దుకాణంలో అమ్మే బ్యాక్టీరియా సీసా మీద ఏ పేరున్నా గొడవ పడకు గానీ, ఎండలో, వేడి గోదాములో ఎన్ని నెలలు కూర్చుందో తెలియని సీసాను నమ్ముకుని చేపలు మాత్రం కొనకు.

ఇక నువ్వు అడిగిన అసలు ప్రశ్న. బోరు నీళ్లు కుళాయిలకు తెల్లగా పట్టేస్తున్నాయి కాబట్టి తొట్టికి 20 లీటర్ల క్యాన్లు తెప్పించనా అన్నావు. వద్దమ్మా. ఆ తెల్లటి పొరే నీకు కావలసిన సరుకు. అమ్మోనియాను మార్చే పనిలో నీళ్లలోని క్షారత్వం, అంటే ఆమ్లాన్ని తట్టుకునే గుణం, కరిగిపోతూ ఉంటుంది. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్ మారడానికి, కాల్షియం కార్బొనేట్ లెక్కలో, సుమారు 7 మిల్లీగ్రాములు ఖర్చవుతుంది. క్యాన్ నీళ్లు, ఇంట్లో ఆర్‌ఓ యంత్రం నీళ్లు చాలావరకు ఆ సరుకంతా తీసేసినవే. వాటితో మొదలుపెడితే కొన్నాళ్లకే పీహెచ్ (నీళ్లు ఆమ్లమో క్షారమో చెప్పే అంకె) జారిపోతుంది, 6 దగ్గరికి వచ్చేసరికి బ్యాక్టీరియా పని దాదాపు ఆపేస్తుంది. కొన్నవాళ్లు మాత్రం అంత శుభ్రమైన నీళ్లు పోసినా చేపలు ఎందుకు చచ్చాయని ఆశ్చర్యపోతారు. బోరు నీళ్లకు ఆ బాధ లేదు. అయితే దానికి వేరే ముల్లు ఉంది. పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియా విషం కూడా పెరుగుతుంది. 30 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది నూటికి ఒక పాలు కూడా కాదు, 8 ఉంటే ఏడు పాళ్లు దాటుతుంది. తిరుపతి ఎండకు మీ తొట్టి 30 డిగ్రీలు ఇట్టే చేరుతుంది. కాబట్టి మీ నీళ్లలో కాస్త అమ్మోనియా అంటే కాస్త కాదు.

నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ పెన్నుతో ఒకసారి చూడు. 1000 దాటితే సగం బోరు, సగం ఆర్‌ఓ కలుపు. లేకపోతే బోరు నీళ్లే చాలు. మీ అపార్ట్‌మెంట్‌లో సాఫ్టెనర్ ఉందేమో కనుక్కో. అది కాల్షియం తీసేసి సోడియం పెడుతుంది, కాబట్టి దానికి ముందున్న కుళాయి నుంచి పట్టుకో. బోరు నీళ్లను ఒక పగలూ రాత్రీ బకెట్లలో ఎయిర్ పంపు పెట్టి ఉంచు, భూమిలోంచి వచ్చేటప్పుడు వాటిలో ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది. మునిసిపాలిటీ నీళ్లు వచ్చిన రోజైతే అలా ఉంచడం తప్పనిసరి. క్లోరిన్ చేపలనే కాదు, నువ్వు పెంచుతున్న బ్యాక్టీరియాను కూడా చంపుతుంది. అంత సమయం లేకపోతే క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్ చుక్కలు వెయ్యి.

రాళ్లు కడిగి పరిచి, నీళ్లు పోసి, ఫిల్టర్ పెట్టి ఇక ఆపకు. చేపలు లేకుండానే బ్యాక్టీరియాకు తిండి పెట్టాలి. రోజూ చిటికెడు చేపల మేత వేసి కుళ్లనివ్వడం ఒక పద్ధతి. నాకు నచ్చదు, కంపు, ఎంత అమ్మోనియా వచ్చిందో లెక్క తెలియదు. అమ్మోనియం క్లోరైడ్ నయం. పాత రోజుల్లో ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్లు వాడిన నవాసారం అదే, కానీ బజారు సరుకులో ఏం కలిసిందో చెప్పలేం, ప్రయోగశాలలకు అమ్మే శుద్ధమైనదే కొను. 70 లీటర్లకు సుమారు 0.4 గ్రాములు వేస్తే అమ్మోనియా లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గరికి వస్తుంది. కాగితపు పట్టీలు కాకుండా చుక్కల టెస్ట్ కిట్ కొని ఒకరోజు విడిచి ఒకరోజు చూడు. నైట్రేట్ పరీక్షలో రెండో సీసాను అర నిమిషం బలంగా కుదపకపోతే చాలా కిట్లు తక్కువ చూపిస్తాయి.

కొన్ని రోజులకు అమ్మోనియా దిగడం మొదలవుతుంది, నైట్రైట్ ఎక్కుతుంది. దిగినప్పుడల్లా మళ్లీ అమ్మోనియం క్లోరైడ్ వెయ్యి, నైట్రైట్ మరీ పైకి పోతే మాత్రం సగం మోతాదు చాలు. ఓపిక పరీక్షించేది ఈ నైట్రైట్ ఘట్టమే, కొలత రంగు రోజుల తరబడి కదలదు. మధ్యలో నీళ్లు పాలలా తెల్లబడవచ్చు. అది వేరే రకం బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరగడం, దానంతట అదే తేరుకుంటుంది. తొట్టి మొత్తం ఖాళీ చేసి సబ్బుతో కడగడానికి మీ అత్తగారు సిద్ధపడతారు, దయచేసి ఆపు.

అమ్మోనియం క్లోరైడ్ వేసిన 24 గంటలకు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తే తొట్టి పండినట్టు. అప్పుడు సగానికి పైగా నీళ్లు మార్చి, పేరుకున్న నైట్రేట్ తగ్గించి, ఒకటి రెండు రోజుల్లో చేపలు తెచ్చుకో. ఆలస్యమైతే బ్యాక్టీరియాకు తిండి ఆపకు.

ఇంత సమయం పట్టకుండా ఒక దారి ఉంది. పాలకు మజ్జిగ తోడు వేసినట్టు, ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టి స్పాంజి ముక్కను కొత్త ఫిల్టర్‌లో పెడితే వారాలు తగ్గుతాయి. నా తొట్టిలోది నేనే తెస్తాను. తడిపి, మూతలో గాలి ఆడే డబ్బాలో వేస్తే బస్సులో రెండు గంటల ప్రయాణం తట్టుకుంటుంది. దుకాణంలోని తొట్టి నుంచి మాత్రం అడిగి తెచ్చుకోకు, దాంతో పాటు జబ్బులూ వస్తాయి.

చేపల్లో గప్పీలు, మోలీలు, ప్లాటీలు మీ బోరు నీళ్లలోనే హాయిగా ఉంటాయి. నియాన్ టెట్రాలు, డిస్కస్ మెత్తటి నీళ్ల, అంటే లవణాలు తక్కువున్న నీళ్ల చేపలు, వాటి జోలికి పోకు. గోల్డ్ ఫిష్‌కు ఈ తొట్టి చాలదు. నాచు తింటుందని సక్కర్ చేపను అంటగడతారు. అది అడుగు దాటి పెరుగుతుంది, విసుగు పుట్టి చెరువులోనో కోనేటిలోనో వదిలితే అక్కడి చేపలకు అది శాపం. మొదట నాలుగైదు గప్పీలు, రెండు వారాలు ఆగి ఇంకొన్ని. రెండు నిమిషాల్లో తినేంత మేత రోజుకోసారి చాలు. ఎవరైనా ముందుగానే చేపలు బహుమతిగా తెచ్చిపెడితే రోజూ పావు వంతు నీళ్లు మార్చు, నైట్రైట్ కనిపిస్తే లీటరుకు గ్రాము చొప్పున కల్లుప్పు కరిగించి కలుపు.

తరువాతి పని తేలిక. వారానికి పావు వంతు నీళ్లు మార్చు. స్పాంజిని కుళాయి కింద కాదు, తొట్టి నుంచి తీసిన నీళ్లలోనే పిండు. వేసవిలో ఆవిరైపోయిన నీటికి బదులు ఆర్‌ఓ నీళ్లే పొయ్యి, ఎందుకంటే ఆవిరైంది నీరు మాత్రమే, ఉప్పంతా తొట్టిలోనే ఉంది. క్యాన్ నీళ్లకు నేను ఒప్పుకునేది ఇక్కడే. మే నెలలో నీటి మీదకు చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కరెంటు గంటల తరబడి పోతే బ్యాటరీ ఎయిర్ పంపు ఉండాలి, వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ, స్పాంజిలోని బ్యాక్టీరియాకూ అదే కావాలి.

ఇంకో విషయం, ఇది దుకాణంవాళ్లు చెప్పరు. దోమల మందు చేపలకు ప్రాణాంతకం. వానల తరువాత వీధిలో పొగ మందు కొట్టడానికి వస్తారు కదా, ఆ శబ్దం వినగానే కిటికీలు మూసి, తొట్టి మీద తడిగుడ్డ కప్పి, ఎయిర్ పంపు ఆపు. ఆ పంపు గదిలోని గాలినే లాగి నీళ్లలోకి పంపుతుంది. ఫిల్టర్ తిరగనివ్వు, గంట తరువాత కిటికీలు తెరిచి పంపు వెయ్యి. తొట్టిని పూజగది పక్కన పెట్టవద్దనేదీ ఇందుకే, అగరొత్తుల పొగ వాటికి అక్కరలేదు.

అంకెలు క్యాలెండర్ మీద రాసి, వారానికోసారి ఫోటో తీసి పంపు. నైట్రైట్ మొదటిసారి ఎక్కిన రోజున ఫోన్ చెయ్యి, స్పాంజి తీసుకుని బస్సెక్కుతాను.

ఇట్లు,
మీ మామయ్య